ఒడవని కాట్రిడ్జ్

ప్రహ్లాద్ చాయ్ గ్లాసు ఎడమచేతిలకు మార్చిండంటె ఇగ కథ షురూ అయినట్టే, ఎందుకంటె కుడిచెయ్యి ఖాళీగ లేకుంటె ఆయన నోరు పనిచెయ్యది. చిక్కడపల్లిల లక్ష్మక్క చాయ్ బండి కాడ నిలవడే మందికి గా చెయ్యి సంగతి మంచిగ ఎరికె. చెయ్యి ఛాతి దాక లేస్తె ముచ్చట నిజమే ఉంటది, భుజం దాక లేస్తె సగం నిజం, నెత్తి దాటిందా, ఇగ నిజం ఇంటికి పోయి పండుకున్నట్టే.

గా దినం మాపటికి సన్నగ వాన పడి ఆగింది. ప్రహ్లాద్ గ్లాసు మార్చిండు, చెయ్యి సాపు జేస్కున్నడు, గని కండ్లు మాత్రం ముందట నిలవడ్డోళ్ళ మీద లెవ్వు. బండికి అటు కొసకు, పట్టా కింద, ఇటు వీపు వెట్టి చాయ్ తాగుతున్న కళ్యాణ్ మీద ఉన్నయి.

కళ్యాణ్ ఆయన దోస్తు. అంటె ఇప్పుడు గాదు, అంతకుముందు. బడిల ఒక్కటే బెంచి, కాలేజిల ఒక్కటే సైకిలు. ప్రహ్లాద్ కోతలు కోస్తుంటె పక్కన నిలవడి ఊ కొట్టెటోడు వాడే. ఉత్తగ ఊ కొట్టుడు గాదు, డప్పు కొట్టెటోడు ఆడెటోని కాళ్ళు చూసి కొడ్తడు చూడు, గట్ల. ఎక్కడ 'ఊ' అనాలె, ఎక్కడ 'అవునా' అనాలె, ఎక్కడ 'ఛల్, ఉత్తదే' అని రెచ్చగొట్టాలె, అన్ని వానికి నోటికొచ్చు. వాడు పక్కనుంటె ప్రహ్లాద్ మోరీ దుంకిన ముచ్చట సముద్రం దుంకిన ముచ్చట అయితుండె.

అంబికక్క లగ్గం అయినకాడికెళ్ళి ఆ ఊ బంద్. అంబిక కళ్యాణ్‌కు అక్క. ఇంట్ల పైసలకు తక్లీఫ్ ఉండె, లగ్గం కార్డులు నా మీద ఇడిచిపెట్టుర్రి అని ప్రహ్లాద్ మొదలే చెప్పిండు, తన ప్రింటర్ మీద, తను ఇంట్ల నింపిన ఇంకుతోని, ఉత్తగనే కొట్టిచ్చిండు. మనసు మంచిదే. ఇంకు మాత్రం మంచిది గాదు. గా కార్డుల మీద ఇంకు కారింది. హాలు పేరు అల్కిపోయింది. ఊరికెళ్ళి రావాల్సిన మేనమామ మొగిలయ్య టైముకు హాలుకు చేరలే.

దాని మీద కళ్యాణ్ లడాయి పెట్టుకోలే. తిట్టలే. దినాం మాపటికి ఇదే బండికి వస్తడు, వీపు వెడ్తడు, తాగుతడు, పోతడు. తిట్టినా మంచిగుండు, ఒక చెంపదెబ్బ కొట్టినా మంచిగుండు అని ప్రహ్లాద్‌కు లోపట మండుతుంటది. సారీ చెప్పొచ్చు గద అంటరు. పోయిండు. కవాడిగూడ బస్తీల వాళ్ళింటి దాక పోయిండు. కళ్యాణ్ వాళ్ళమ్మ కురుమమ్మ వాకిట్ల కూసొని బియ్యం చెరుగుతుంది. చెప్దామని నోరు తెరిస్తె ఏమొచ్చిందంటె, బాంబేల తన కార్డులు చూసినోళ్ళు ఎట్ల మెచ్చుకున్నరో అదొచ్చింది. కురుమమ్మ చాట పక్కకు పెట్టి ఇంట్లకు పోయింది. ఆ దినం వాపస్ వచ్చుకుంట తన మూతి మీద తనే కొట్టుకోవాల్ననిపిచ్చింది ఆయనకు.

అందుకే సారీ మీద ఆశ ఇడిచిపెట్టిండు. వాన్ని ఒక్కసారి నవ్విస్తె చాలు అనుకున్నడు. నవ్వు గూడ వద్దు, ఒక్క ఊ. కథ మధ్యల ఎక్కడన్న నోరు జారి వాడు ఊ అన్నడంటె, అంతకుముందు లెక్కనే అయిపోతది అని ఆయన నమ్మకం. అందుకని దినాం ఒక కోత కోస్తుండు, దినాం గా వీపుకు చెప్తుండు. వీపు మాత్రం కదుల్తలేదు.

గా దినం కథ ఇంకు మీదికి పోవుడు ఆయన తప్పేం గాదు. అశోక్‌నగర్‌ల ప్రహ్లాద్ వాళ్ళింటి కింది పోర్షన్లకు ఈ మధ్యనే గుంటూరు దిక్కోళ్ళు కిరాయికి వచ్చిన్రు. వాళ్ళ పిలగాడు సాయిచైతన్య, డిగ్రీ చదువుతుండు, కొత్తగ ప్రింటర్ కొన్నడు. వానికి ఏం తెల్వదు పాపం.

"అన్నా, కాట్రిడ్జ్‌లో ఇంకు ఇంట్లోనే నింపుకోవచ్చంటగా, మీకు బాగా వచ్చంటగా?" అని అడిగేసిండు.

లక్ష్మక్క చాయ్ గిన్నెల గంటె తిప్పుడు ఆపింది. పేపర్ చదువుతున్న సూర్యనారాయణమూర్తి గారు, అంటె అశోక్‌నగర్‌ల చానా ఏండ్ల సంది ఉన్న రిటైరైన ఆఫీసర్, ఆయన గూడ పేపర్ మీదికెళ్ళి చూసిండు. బండి కాడ అందరికి ఎరికె, ఈ ముచ్చట ఇక్కడ తియ్యొద్దని. ప్రహ్లాద్ గూడ మాట మారుద్దామనే అనుకున్నడు. సినిమా టికెట్ల ముచ్చట ఒకటి నోట్ల తయారుగుండె.

గని ఇంకు అనంగనే కళ్యాణ్ భుజం కదిలింది.

ఇన్ని దినాలల్ల మొదటిసారి కదిలింది. అది చూసినంక ఇగ ప్రహ్లాద్‌ను ఎవలు ఆపుతరు.

"ఏం లేదు తమ్మీ, పెద్ద పనేం గాదు" అని మెత్తగ మొదలువెట్టిండు, పెద్ద కోతలన్ని ఆయన గిట్లనే మెత్తగ మొదలువెడ్తడు. "ప్రింటర్ అగ్గువ, కాట్రిడ్జ్ పిరం. అది ఒడ్సినప్పుడల్ల కొత్తది కొనాల్నంటె ఇంట్ల బోళ్ళన్ని అమ్ముకోవాలె. అందుకని నేనేం జేసిన, మెడికల్ షాపుల సూది తెచ్చిన, పెన్నుల పోసుకునే సిరా సీసా తెచ్చిన, కాట్రిడ్జ్ మీదున్న స్టిక్కర్ గోరుతోని లేపిన. దాని కింద సన్న తొర్ర ఉంటది. అండ్ల సూది దించి, పసిపిల్లకు మందు పోసినట్టు మెల్లమెల్లగ పోసిన. దూదితోని మూతి తుడ్సిన. తొర్ర మీద మైనం వెట్టిన. అంతే."

గీడి దాక అంత నిజమే. చెయ్యి ఛాతి కాడనే ఉంది.

దీనికా ఇంత ఉపోద్ఘాతం అని మూర్తి గారు మల్ల పేపర్ల మునగబోయిండు.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా సార్? ఒడ్వలే."

"ఏది?"

"ఇంకు. ఇయ్యాల ఒడుస్తది రేపొడుస్తది అని చూస్తున్న, ఒడ్వలే. మన అశోక్‌నగర్‌ల సర్కార్ నౌకరీలకు చదివెటోళ్ళు ఎందరున్నరు, రూములు చాలక మెట్ల మీద గూడ పండుకుంటున్నరు, అందరి నోట్సులు నేనే కొట్టిన. ఒడ్వలే. నారాయణగూడ కాలేజీలోళ్ళ రిపోర్టులన్ని కొట్టిన. ఒడ్వలే. ఏందిరా ఇది అని కాట్రిడ్జ్ గుంజి చేతిల పట్టుకున్న. నింపిన నాటికంటె బరువున్నది."

నా పాలు గట్ల ఒడ్వకుంటె నేనెప్పుడో బంగ్లా కడ్తుంటి అని లక్ష్మక్క అన్నది. నలుగురు నవ్విన్రు. కళ్యాణ్ నవ్వలే. గని గ్లాసు సగంల ఆపిండు. వాడు చాయ్ గ్లాసు సగంల ఆపడు, ఆపిండంటె ఇంటున్నట్టే, గిది ప్రహ్లాద్‌కు తప్ప ఎవ్వలకు తెల్వది. చెయ్యి భుజం దాక లేసింది.

ఇగ చూస్కో. ఆ ఇంకు ఎంత నల్లగుండెనంటె, ఒక రూముల పిలగాండ్లు నోట్సు తెరిస్తె నెత్తి మీద బల్బు సన్నగైతుండెనంట. మూస్తె మల్ల ఎలుగుతుండెనంట. కరెంటోళ్ళకు కంప్లెయింట్ ఇచ్చిన్రంట. లైన్‌మన్ వచ్చి స్తంభం ఎక్కిండు, మీద అంత బరాబరే ఉంది. దిగిండు, వైర్లు చూసిండు, బరాబరే ఉంది. ఆఖరికి పరేషానై టేబుల్ మీదున్న నోట్సు ఇట్ల మూసిండు, రూమంత పట్టపగలు. గా లైన్‌మన్ చేతులు జోడిచ్చి, బాబూ మీరు చదువుకోవాల్నంటె ఎండలనే చదువుకోండ్రి, ఈ అక్షరాలకు సరిపోయే బల్బు మా దగ్గర లేదు అని పోయిండంట.

సాయిచైతన్య కడుపు పట్టుకొని నవ్వుతున్నడు. "నిజంగానా అన్నా" అని అడుగుడు గూడ బంద్ జేసిండు.

ప్రహ్లాద్‌కు గది సరిపోతలేదు. పక్కన ఊ లేకుంటె కథ ఒంటి కాలు మీద నడిచినట్టే ఉంటది ఆయనకు. ఎక్కడ వాడు 'ఛల్, ఉత్తదే' అనాల్నో గక్కడ జర ఆగుతడు, ఆడ ఏం రాదు, మల్ల తనే అందుకుంటడు. గట్ల ఆగిన జాగలు అందరికి వినవడ్తున్నయి. మూర్తి గారు కూడ ఒకసారి అటు కొసకు చూసి, కండ్లద్దాలు తీసి తుడ్సుకున్నడు.

తర్వాత సూది కడిగిన ముచ్చట వచ్చింది. సూదిని నల్ల కిందనే కడగాలె అని ఆయనకెట్ల తెలుస్తది. మీద ట్యాంకు కాడ ఒక్కసారి జాడిచ్చిండంట, ఒక్క చుక్క అండ్ల పడ్డదంట. పొద్దుగాలకు అశోక్‌నగర్ మొత్తం నల్లలల్ల నల్ల నీళ్ళు. తెల్ల అంగీలు ఉతికినోళ్ళంత వకీళ్ళైపోయిన్రు. ముసలోళ్ళు స్నానం జేసి బయటికొస్తె నెత్తి నల్లగ నిగనిగ. ఇండ్లల్ల ముసలమ్మలు వాళ్ళను గుర్తువట్టక, ఎవలు బాబూ నువ్వు, మా ఆయన లోపట స్నానం జేస్తుండు, జర కూసో అన్నరంట.

"ఏమయ్యా ప్రహ్లాదూ" అన్నడు మూర్తి గారు తెల్ల జుట్టు చేత్తోని దువ్వుకుంట, "నేనూ ఆ వీధిలోనే ఉంటున్నాను గదయ్యా. నాదెందుకు ఇలాగే ఉంది?"

"మీరా దినం స్నానం చెయ్యలే సార్."

బండి బండి అంత నవ్వింది. లక్ష్మక్క గంటె ఇడిచిపెట్టి కొంగు నోట్ల పెట్టుకుంది. మూర్తి గారు గూడ నవ్విండు, మంచోడు, ఏమనుకోడు. గా నవ్వుల ప్రహ్లాద్ దొంగచాటుగ అటు చూసిండు. కళ్యాణ్ వీపు జర ఊగింది. దగ్గునో, నవ్వునో. నవ్వే అనుకున్నడు ఆయన. గట్ల అనుకునుడు ఆయనకు అవసరం ఉండె.

చెయ్యి చెవుల దాక పోయింది.

"ఇగ నీళ్ళన్ని మోరీల పడ్డయి, మోరీ నాలల పడ్డది, నాల సక్కగ హుస్సేన్‌సాగర్. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? చెరువంత సిరా. బేగంపేటల దిగాల్సిన విమానం మీదికెళ్ళి చూసి, అరె, పగటీలి రాత్రైంది ఏంది అని పైలట్ లైట్లేసిండు. లైట్లేసినా కనవడ్తలేదు. గాలిల తిరుగుతనే ఉన్నడు. అండ్ల ఎవలున్నరు చెప్పుర్రి? కాట్రిడ్జ్ కంపెనీ పెద్దసాబు. ఇండియాల మా మాల్ ఎందుకు అమ్ముడువోతలేదు అని చూడనీకె తనే బయలెల్లిండు."

"మీ దగ్గరికా?"

"సక్కగ మా ఇంటికి. మెట్లెక్కి వచ్చిండు, బూట్లు బయట ఇడిచిండు, చేతులు జోడిచ్చిండు. అన్నా, జర ఆపు, మా కంపెనీ మునుగుతుంది, మాకు పిల్లలున్నరు అన్నడు."

ఏ భాషలో అన్నాడన్నా అని సాయిచైతన్య అడిగిండు.

"తెలుగులనే. ప్లేన్ల కూసొని నేర్చుకున్నడు. చానాసేపు తిరిగింది గద."

మల్ల నవ్వు. రోడ్డు మీద సైకిల్ మీద పోయెటోడు ఒక కాలు కింద పెట్టి ఆగిండు. మంది పెరుగుతున్నరు. అంతకుముందైతె మందిని చూస్తె ప్రహ్లాద్‌కు రెక్కలొచ్చేటివి. గా దినం మందిల నుంచి ఒక్క వీపే కనవడ్తుంది ఆయనకు. గొంతు జర తగ్గిచ్చిండు. తగ్గిచ్చి, ఎప్పుడు చెయ్యని పని ఒకటి చేసిండు. కథల తనతోని ఇంకొకన్ని నిలవెట్టిండు.

"గా పెద్దసాబు నన్నడిగిండు, ఇదంత ఒక్కనివే చేసినవా అని. లేదు సార్ అన్న. సూది పట్టింది నేను. కాట్రిడ్జ్ కదలకుంట పట్టుకున్నది నా దోస్తు. సూది దించేటప్పుడు అది జర్రంత ఒరిగినా సిరా అంత మీదనే పడ్తది, చానా మెత్తటి చెయ్యి ఉండాలె. నా చెయ్యి ఎప్పుడు ఊగుతనే ఉంటది, మీరే చూస్తున్నరు. వాడు పట్టుకుంటేనే నేను పొయ్యగలిగిన సార్, వాడు లేకుంటె నాది ఉత్త నోరే అని చెప్పిన."

ఇది నిజం. కథల ఇన్ని అబద్ధాల నడుమ గిదొక్కటి నిజం. అశోక్‌నగర్‌ల గా సన్న బాత్రూముల, ఇద్దరు గొంతుకూసొని, ఒకడు పట్టుకొని ఒకడు పోసి, మొదటి కాయితం బయటికొచ్చినప్పుడు ఇద్దరు చేతులు నల్లగ చేసుకొని ఎగిరిన్రు. అది చెప్తుంటె ప్రహ్లాద్ చెయ్యి తెల్వకుంటనే కిందికి దిగింది. గీడ ఆపితె అయిపోతుండె. సారీ కంటె మంచి మాట అది, వాడు గూడ ఇన్నడు, గ్లాసు బండి మీద పెట్టి జర ఇటు తిరిగిండు గూడ, పూర్తిగ గాదు, చెంప కనవడేటంత.

గని సైకిలోడు అడిగిండు, మరి సాబు ఏమన్నడు అని.

ప్రహ్లాద్ ఆగాల్సింది. ఆగలే. మంది అడిగితె ఆగుడు ఆయన నోటికి రాదు. కాళ్ళు జారినోడు ఏది దొరికితె అది పట్టుకున్నట్టు, నోటికొచ్చిన మొదటి మాట పట్టుకున్నడు.

"ఏమంటడు, ఒప్పుకోలే. నలుపు మంచిగనే ఉంది, ఎక్వ దినాలు వస్తుంది గూడ, గని నీళ్ళకు ఆగుతదా అన్నడు. ఆగుతదా అంటవా అని నేను కాయితం తీస్కపోయి బక్కెట్ల ముంచిన. ఏం కాలే. నల్ల కింద పెట్టి సబ్బు పెట్టి రుద్దిన. ఏం కాలే. ట్యాంక్‌బండ్ మీదికెళ్ళి చెరువుల పారేసి, మూడు వానలు పడ్డంక తీసి చూసిన" అని చెయ్యి నెత్తి దాటిచ్చిండు, "ఒక్క అక్షరం గూడ కదల్లే."

అన్నంక తెలిసింది ఏమన్నడో.

ఎవ్వలు నవ్వలే. సాయిచైతన్య నవ్వబోయి, చుట్టూ చూసి, ఆపుకున్నడు. పట్టా అంచుకెళ్ళి వాన నీళ్ళు ఒకటొకటి పడ్తున్నయి. ప్రహ్లాద్ చెయ్యి ఇంకా మీదనే ఉంది, దింపుడు మర్చిపోయిండు.

కళ్యాణ్ పూర్తిగ తిరిగిండు.

"అక్క కార్డులకు పసుపు పెట్టిన నాడు నేను నీ కాడికి ఉరికొచ్చిన" అన్నడు. గొంతు పెద్దగ చెయ్యలే. ఇన్ని దినాలైనంక మొదటి మాట. "యాదికున్నదా?"

ఎందుకు లేదు. లగ్గం కార్డుకు నాలుగు మూలలకు పసుపు పెట్టంది పంచరు గద ఎవ్వలైనా. మొదటి కార్డు దేవుని ముందట పెట్టనీకె ప్రహ్లాద్ ముందే కొట్టిచ్చిండు, అది కంపెనీ ఇంకు, కురుమమ్మ దానికి పసుపు పెడ్తె ఏం కాలే, అందరు మురిసిన్రు. కంపెనీ ఇంకు గాడికే ఒడ్సింది. మిగిలిన కార్డులన్ని సూదితోని పోసిన సిరా. ఆడోళ్ళంత సాపలేసుకొని కూసొని, పసుపుల నీళ్ళు కలిపి, ఏలుతోని మూలమూలకు అద్దిన్రు. కింద ఎడమ మూలకే హాలు పేరు, గాంధీనగర్‌ల చిన్న హాలు, దాని అడ్రసు. తడి తాకంగనే అక్షరాలు ఉబ్బినయి, కాళ్ళు చాపినయి, పసుపుల పడి పచ్చగ నల్లగ మడుగులైనయి. కళ్యాణ్ అండ్లకెళ్ళి ఒక కార్డు తీస్కొని అశోక్‌నగర్‌కు ఉరికొచ్చిండు. వాడు వచ్చేసరికి ప్రహ్లాద్ మెట్ల మీద నలుగురికి తన ప్రింటర్ గురించే చెప్తున్నడు.

"ఇంకు కార్తుంది, ఏం జేద్దాం అన్న. నువ్వేమన్నవ్?"

కళ్యాణ్ జవాబుకు ఆగలే, తనే చెప్పిండు.

"ఇది ఫారిన్ లెక్క, తడి ఉన్నప్పుడే గట్ల కనవడ్తది, ఎండినంక అక్షరం మల్ల నిలవడ్తది అన్నవ్. నలుగురి ముందట అన్నవ్. నేను ఊ అన్న."

లక్ష్మక్క మంట తక్కువ జేసింది. మూర్తి గారు పేపర్ మడత పెట్టిండు, చప్పుడు గాకుంట.

మిగిలింది కళ్యాణ్ మెల్లగ చెప్పిండు, సాయిచైతన్యకు చెప్పినట్టు చెప్పిండు, వానికే తెల్వదు గాబట్టి. పట్నంల చుట్టాలకు కార్డు ఎట్లున్నా నడుస్తది, హాలు ఎక్కడనో నోటితోని తెలుస్తది. కార్డును నమ్ముకున్నది ఊర్లున్నోళ్ళే. కురుమమ్మ తమ్మున్ని పిలవనీకె ముందే పోయొచ్చింది, గప్పటికి హాలు కాయం గాలే, హాలు పేరు కార్డుల వస్తది మొగిలయ్యా అని చెప్పొచ్చింది. తర్వాత ఊరోళ్ళతోని కార్డు పంపింది. పెండ్లిపిల్లను బుట్టల కూసోబెట్టి మంటపం కాడికి ఎత్తుకొచ్చేది మేనమామ. మొగిలయ్య గా బుట్ట తనే అల్లిండు, రంగులేసిండు, లగ్గం నాడు మొదటి బస్సు ఎక్కి పట్నం దిగిండు. ఇంటికి పోతె తాళం, అందరు హాలు కాడ, ఫోన్ చేద్దామంటె ఆయన కాడ ఫోన్ లేదు. ఇగ బుట్ట నెత్తిన పెట్టుకొని, కార్డు కనవడ్డోనికల్ల చూపిచ్చుకుంట తిరిగిండు. ఒకడు నారాయణగూడ అన్నడు, ఒకడు బాగ్ లింగంపల్లి అన్నడు. ఏ హాలుకు పోయినా లగ్గమే అయితుంది, ఏ లగ్గంల తొంగిచూసినా వేరే పిల్లనే ఉన్నది.

ఆఖరికి గాంధీనగర్ హాలుకు వచ్చేసరికి తలంబ్రాలు అయిపోయినయి. అంబికను పక్కింటాయన ఎత్తుకొచ్చి పీటల మీద కూసోబెట్టిండు. మొగిలయ్య బుట్ట గేటు కాడ దింపిండు. లోపటికి రాలే. నీళ్ళు గూడ తాగలే. అందరికి హాలు తెలిసింది, నాకొక్కనికే సదవరాని కార్డు పంపిన్రు, పట్నపోళ్ళైన్రు, నా బుట్ట మీకు నామోషీ అనిపిచ్చింది అని అక్క కురుమమ్మతోని అని వాపస్ వోయిండు. గప్పటి సంది అక్కాతమ్ముల నడుమ రాకపోకలు లెవ్వు.

"మా అమ్మ గా దినమే అడిగింది" అన్నడు కళ్యాణ్, ఇగ ప్రహ్లాద్ దిక్కు చూసి. "కార్తుంది గదరా, కొత్తవి రాయిద్దామా అని. చేతితోనైనా రాద్దాం, అక్షరాలు మంచిగ లేకున్నా అన్నది. ఎండినంక నిలవడ్తదమ్మా అని నేను చెప్పిన. నువ్వు చెప్పినట్టే చెప్పిన, చెయ్యి గూడ నీ లెక్కనే ఊపిన. ఆమె గూడ ఊ అన్నది."

ప్రహ్లాద్ చెయ్యి గప్పుడు దిగింది.

"నేను నీ మీద నారాజ్ లేను" అన్నడు కళ్యాణ్. "నువ్వు చిన్నప్పటి సంది గంతే, నాకు తెల్వదా. గా దినం నా చేతిల కార్డు ఉండె. కారుడు నా కండ్లతోని చూసిన. చూసి గూడ ఊ అన్న."

ఏదన్న అనాలె అని ప్రహ్లాద్‌కు తెలుస్తుంది. మంది చూస్తున్నరు, అది గూడ ఆయనకు యాదికి లేదు.

"మామ కాడికి నేను పోత" అన్నడు. "ఊరికి పోత. నేనే చెప్త."

కళ్యాణ్ ఆయన్ను చానాసేపు చూసిండు. కోపంగ గాదు. బడిల పక్క బెంచిల కూసొని చూసినట్టే చూసిండు.

"నువ్వు చెప్తె మామ నమ్ముతడు" అన్నడు. "నవ్వుతడు గూడ. ఆయన గూడ ఊ అంటడు. గదే నాకొద్దు."

లక్ష్మక్క చేతిల గ్లాసు పెట్టిండు, పట్టా కిందికెళ్ళి వంగి బయటికి వచ్చి, కవాడిగూడ దిక్కు నడిచిండు. సైకిలోడు గూడ పెడల్ తొక్కిండు. సాయిచైతన్యకు ఏం చెయ్యాల్నో తోచక ప్రహ్లాద్ చేతిలకెళ్ళి చల్లారిన గ్లాసు తీస్కొని, ఇంకో చాయ్ చెప్పాల్నా అన్నా అని అడిగిండు.

ప్రహ్లాద్ నోట్ల గప్పటికే ఒక మాట తయారైంది. మామ ఊరికి తను ఎట్ల పోతడో, నడిచి పోతడో, గా రంగుల బుట్టను నెత్తిన పెట్టుకొని ఊరూరు తిరిగి పోతడో, అంత కండ్ల ముందట వచ్చింది, మంచిగుండె గూడ, ఇంటె ఎవ్వలకైనా కండ్లల్ల నీళ్ళొస్తయి. దూరంల కళ్యాణ్ ఇంకా కనవడ్తనే ఉన్నడు, గట్టిగ అంటె ఇనవడేటంత దూరంలనే.

గా మాటను మింగిండు.